ర్యామబాణం

మా మేనల్లుడి దగ్గర్నుంచి రాత్రి పదకొండింటికి ఫోనొచ్చిందంటే రెండే కారణాలుంటాయి. ఒకటి, వాళ్ల నాన్నకు తెలియకుండా డబ్బులు కావాలి. రెండోది కంప్యూటరు. ఆ రోజు రెండూ కలిసొచ్చాయి.

“మామయ్యా, గేమ్ ల్యాగ్ అవుతోంది. ర్యామ్ అరవై నాలుగు చేయిద్దామనుకుంటున్నా.”

“ఇప్పుడెంతుందిరా?”

“ముప్పై రెండు.”

“ఆడేదేంటి?”

“వాలరెంట్.”

కంప్యూటర్ ఆటల జోలికి పోని పాఠకుల కోసం ఒక్క ముక్క. వాలరెంట్ నడవడానికి కనీసం ఇంత కావాలని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పిన ర్యామ్ 4 జీబీ. మావాడి దగ్గరున్నది దానికి ఎనిమిదింతలు. అయినా చాలడం లేదట. నలుగురున్న ఇంట్లో ముప్పై రెండు మంచాలేసి, నిద్ర పట్టడం లేదు కాబట్టి ఇంకో ముప్పై రెండు కొనమన్నట్టుంది వ్యవహారం.

“ఎవడు చెప్పాడురా నీకు?” అన్నాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఎవరో కొట్టాయన చెప్పాడట. ఆయన్ని మాత్రం ఏమనగలం? మా ఊళ్లో వెనకటికి ఒక ఆర్‌ఎంపీ డాక్టరుండేవాడు. జ్వరమొస్తే సెలైను. నడుం పట్టేస్తే సెలైను. కోడలు మాట వినకపోయినా అత్తగారికి సెలైను. సీసా కళ్లెదుట వేలాడుతుంది, చుక్కచుక్కా దిగుతుంది, ఏదో జరుగుతోందని రోగికి ధీమా. కంప్యూటర్ వైద్యంలో ఆ సీసా పేరు ర్యామ్. సిస్టం స్లో అయిందా, ర్యామ్ వేయించండి. ఫ్యాను మోత చేస్తోందా, ర్యామ్ వేయించండి. ఆటలో ఎదుటివాడు మనల్ని ముందే కాల్చేస్తున్నాడా, అది చేతగానితనం అని చెప్పే ధైర్యం ఏ కొట్టువాడికుంటుంది? ర్యామ్ వేయించండి సార్, అన్నీ సర్దుకుంటాయి.

వైద్యుణ్ణి అనేముందు రోగినీ అనాలి. మనది అంకె కనపడితే చెప్పులు విప్పి దండం పెట్టే జాతి. టీవీలో కాలేజీల ప్రకటనల్లో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని గొంతు చించుకుంటుంటే పిల్లాడికి ఏం చెబుతారో అడక్కుండా ఫీజు కట్టి వచ్చే తల్లిదండ్రుల కడుపున పుట్టినవాళ్లం. గ్రాఫిక్స్ కార్డు సంగతి తేల్చాలంటే పేరు వెనక ఉన్న అక్షరాల అర్థం తెలియాలి. ప్రాసెసర్ సంగతి తేల్చాలంటే దాని తరమేదో కనుక్కోవాలి. ర్యామ్‌కు ఆ బాధ లేదు. ఎనిమిది కన్నా పదహారు ఎక్కువ, పదహారు కన్నా ముప్పై రెండు ఎక్కువ. ఎక్కాలు వస్తే చాలు.

ఆ రాత్రి మావాడికి తిరుమల ఉదాహరణ చెప్పాను. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లుంటాయి చూశావూ, ర్యామ్ అంటే అవి. ఆటకు కావలసిన బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు అక్కడ కూర్చుని పిలుపు కోసం చూస్తుంటాయి. కంపార్ట్‌మెంట్లు నిండిపోతే క్యూ బయటికొచ్చి శిలాతోరణం దాకా పాకుతుంది. కంప్యూటర్లో ఆ శిలాతోరణం పేరు డిస్కు. అక్కడ నిలబడ్డవాడికి పిలుపు అందేసరికి తెల్లారుతుంది, తెర మీద ఆట గుటకలు మింగుతుంది. అప్పుడు కంపార్ట్‌మెంట్లు పెంచితే పుణ్యం. నీ దగ్గర సగం కంపార్ట్‌మెంట్లు తాళాలేసి ఉన్నాయిరా. ఇంకో ముప్పై రెండు కట్టినంత మాత్రాన బంగారు వాకిలి వెడల్పవుతుందా? ఆ వాకిలి నీ గ్రాఫిక్స్ కార్డు.

“అయితే కొనమంటావా, వద్దంటావా?” అన్నాడు వాడు అంతా విని.

వద్దన్నాను. వాడు కొన్నాడు. నిరుడు వేసవి, తొమ్మిది వేలు. అందులో నాలుగు వేలు వాళ్లమ్మ పోపుల డబ్బాలోవి.

అసలు తమాషా ఆ తర్వాతే. వాడిది రైజెన్ 7000 తరం ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్. రెండు స్టిక్కులుంటే 5200 వేగానికి హామీ ఇస్తామనీ, నాలుగు స్లాట్లూ నింపితే 3600కే ఇస్తామనీ ఏఎండీ తన కాగితాల మీదే రాసుకుంది. నాలుగు స్టిక్కుల్ని ఒకే పరుగున నడపడం ఆ మెమరీ కంట్రోలర్‌కు కష్టం. నాలుగు ఎడ్లను రెండెడ్ల బండికి కట్టినట్టన్నమాట. పైసా ఖర్చు లేకుండా వేగంగా నడుస్తున్న కంప్యూటరుకు తొమ్మిది వేలు పెట్టి కళ్లెం వేయించుకొచ్చాడు నా మేనల్లుడు. కొట్టులో ఈ మాట చెప్పలేదా అంటే, “సిక్స్‌టీ ఫోర్ చూపిస్తోంది కదా సార్” అన్నాడట.

చూపిస్తోంది. అదే కావాలి మనకు.

ఇంతకీ వాడి ల్యాగ్ దేనివల్లో చెప్పలేదు కదూ? వాళ్లది నిజాంపేటలో డూప్లెక్స్. వైఫై రౌటరు కింద హాల్లో, టీవీ పక్కన. వాడి గది పైన, ఆ మూలకు. మధ్యలో ఒక శ్లాబు, రెండు గోడలు, ఒక ఇనప బీరువా. వాడు ట్రిగ్గర్ నొక్కిన కబురు బీరువాను దాటుకుని కిందికి దిగి ముంబయి సర్వరుకు చేరేలోపు ఎదుటివాడు పని ముగించుకుని పోతున్నాడు. దానికి మందు నాలుగొందల రూపాయల కేబులు. కానీ కొత్తగా రంగులేయించిన గోడకు మేకులు కొడితే ఊరుకోనంది మా అక్కయ్య. గోడ దక్కింది, ర్యామ్ పెరిగింది, ల్యాగ్ నిలిచింది.

ర్యామ్ పెంచడమంతా దండగని నేననడం లేదు. నిజంగా అవసరమున్నవాళ్లున్నారు, వాళ్లను దోచుకునే పద్ధతి వేరు. ‘గేమింగ్’ అని స్టిక్కరంటించి, మూత మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ వేసి, లోపల ఒంటరిగా ఒకే ఒక్క 8 జీబీ స్టిక్కు పెట్టి అమ్ముతారే, ఆ ల్యాప్‌టాప్‌లు కొన్న పిల్లలు. డీడీఆర్4-3200 స్టిక్కు ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ అటూఇటూ మోస్తుంది. అలాంటివి రెండుంటే 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరయితే బొమ్మలు గీసే చిప్పు కూడా ఈ ర్యామ్ పంచనే బతకాలి కాబట్టి, రెండో స్టిక్కుతో ఆటకు నిజంగానే ప్రాణం లేచొస్తుంది. ఈ ముక్క ఆ కంపెనీలకు తెలియక కాదు. రెండో స్లాటు ఖాళీగా వదిలితే మర్యాదస్తులు. కొందరు ఆ ఒక్కదాన్నీ బోర్డుకే అతికించి, రెండో స్లాటు లేకుండా చేసి, ‘సన్నని డిజైన్’ అని పేరు పెట్టుకున్నారు.

ఇక రెండు స్టిక్కులు సరిగ్గా కొన్నవాళ్ల ఇళ్లలో జరిగేది ఇంకో ప్రహసనం. స్లాట్లు నాలుగుంటే రెండు, నాలుగు స్థానాల్లో పెట్టాలని బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంటుంది. కొత్త దంపతుల్ని కూర్చోబెట్టినట్టు పక్కపక్కన పెట్టేస్తారు, రెండు దారులు ఒకటవుతాయి. 3200 అని రాసున్న స్టిక్కు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే మీట నొక్కేదాకా 2133 దగ్గరో 2666 దగ్గరో కునుకు తీస్తుంటుంది. “ఆ మీట ఆన్ చేశారా?” అని ఒక కొట్టులో అడిగితే నన్ను ఎగాదిగా చూసి, “అది ముట్టుకుంటే బోర్డు కాలిపోద్ది సార్” అన్నాడు. ఇంటికెళ్లి ముట్టుకున్నాను. ఏదీ కాలలేదు. కొన్న వేగం మొదటిసారి కనిపించింది.

రంగురంగుల లైట్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాను గానీ వదలబుద్ధి కావడం లేదు. గిగాబైట్ కంపెనీ 2018లో నాలుగు స్టిక్కుల ప్యాకెట్టొకటి అమ్మింది. రెండింటిలో ర్యామ్ ఉంది. మిగతా రెండింటిలో లైట్లున్నాయి. లైట్లు మాత్రమే ఉన్నాయి. ఒక్క బైటు మెమరీ లేదు. ఖాళీ స్లాట్లు చూడ్డానికి బాగుండవని పెట్టారు. కోర్సెయిర్ వాళ్లు అలాంటి ఉత్తుత్తి స్టిక్కుల్ని విడిగా ప్యాకెట్టు కట్టి అమ్మారు. మోసం అనడానికీ వీల్లేదు. లోపల మెమరీ లేదని పెట్టె మీద చెప్పే అమ్మారు, జనం చదివే కొన్నారు. అధికారం లేని పదవిలో కూర్చున్నవాణ్ణి ఉత్సవ విగ్రహం అంటాం కదా, కంప్యూటరు లోపలికి కూడా వాటిని దించుకున్న ఘనత మన తరానిది.

లేని ర్యామ్ అమ్మడంలో వీళ్లకన్నా పెద్దలున్నారు. 1995లో, విండోస్ 95 వచ్చి మెగాబైట్ల కోసం జనం కటకటలాడుతున్న రోజుల్లో, అమెరికాలో సింక్రనిస్ అనే కంపెనీ సాఫ్ట్‌ర్యామ్95 అనే సాఫ్ట్‌వేర్ దింపింది. కంప్యూటర్ మూత తెరవక్కర్లేదు, ఇది వేసుకుంటే ర్యామ్ రెట్టింపవుతుందన్నారు. ఆరు లక్షల చిల్లర కాపీలు పోయాయి. తీరా చూస్తే ర్యామ్ రవ్వంత కూడా పెరగడం లేదని తేలింది, 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మెడ మీద కూర్చుంది.

సాఫ్ట్‌ర్యామ్ చచ్చి మన జేబులో పుట్టింది. ఫోను పెట్టె మీద ‘16 జీబీ ర్యామ్’ అని తాటికాయంత అక్షరాలు. పక్కన చీమ తలకాయంత చుక్క. ఆ చుక్క పట్టుకుని అడుగుకు దిగితే ‘8 + 8’ అని ఉంటుంది. మొదటి ఎనిమిది ర్యామ్. రెండో ఎనిమిది, ఫొటోలు దాచుకునే స్టోరేజీలోంచి చేబదులు తెచ్చింది. వేగంలో రెండింటికీ ఏనుక్కీ ఎలక్కీ ఉన్నంత తేడా. అప్పు తెచ్చిన సొమ్మును ఆస్తి పట్టికలో రాయడం ఎన్నికల వేళ అభ్యర్థులకు కూడా తోచని ఉపాయం.

ఇదంతా చిల్లర దొంగతనం. ధర దగ్గరికొస్తే గజదొంగలు కనిపిస్తారు.

ప్రపంచంలోని ర్యామ్‌లో సింహభాగం మూడే కంపెనీలు చేస్తాయి: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. 1999 నుంచి 2002 దాకా కొన్ని ర్యామ్ కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించాయని అమెరికా న్యాయశాఖ పట్టుకుంది. ఇన్ఫినియాన్ 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్లు, శామ్‌సంగ్ 30 కోట్లు జరిమానా కట్టి నేరం ఒప్పుకున్నాయి. మైక్రాన్ ముందే వెళ్లి దర్యాప్తుకు సహకరించి జరిమానా తప్పించుకుంది. ముఠాలో ఒకడు తెలివైనవాడుంటాడు.

ఇప్పుడు ఎవరూ కూడబలుక్కోనక్కర్లేదు. కృత్రిమ మేధ వచ్చింది. 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ శామ్‌సంగ్, హైనిక్స్‌లతో చేతులు కలిపి, నెలకు 9 లక్షల వేఫర్ల (చిప్పులు చేసే సిలికాన్ బిళ్లల) దాకా కావాలంది. ఏఐ చిప్పులకు వాడే హెచ్‌బీఎం అనే రకం ర్యామ్ 1 జీబీ చేసే సిలికాన్‌తో మామూలు ర్యామ్ దాదాపు 3 జీబీ చేయొచ్చని మైక్రాన్ చెప్పిన లెక్క. ఎవడు ఎక్కువిస్తే సిలికాన్ వాడిది. కొన్ని నెలల్లోనే డీడీఆర్5 ధర మూడింతలైంది. డిసెంబరులో మైక్రాన్ ఇంకో అడుగు వేసి, మనలాంటివాళ్లకు ర్యామ్ అమ్మే క్రూషియల్ బ్రాండును 29 ఏళ్ల తర్వాత మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ మైక్రాన్‌కు హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయముంది, వందలమంది మన పిల్లలు అందులో మెమరీ చిప్పుల మీదే పనిచేస్తారు. సాయంత్రం ఇంటికెళ్తూ సొంత కంపెనీ స్టిక్కు ఒకటి కొనుక్కునే భాగ్యం ఇక వాళ్లకూ లేదు. ఒంటి స్టిక్కు డ్రాగన్ ల్యాప్‌టాప్ కొన్న పిల్లాడున్నాడే, రెండో 8 జీబీ నిజంగా కావలసినవాడు, వాడు కొట్టు గుమ్మంలో ధర అడిగి వెనక్కి తిరుగుతున్నాడు. వాడడిగిన ర్యామ్ ఎక్కడో డేటా సెంటర్లో కూర్చుని, ‘నా గేమ్ ఎందుకు ల్యాగ్ అవుతోంది’ అనే ప్రశ్నకు జవాబు రాస్తోంది. ర్యామ్ పెంచండి అని.

మొన్న సంక్రాంతికి మా బావగారు ఫోన్ చేశారు. నాలుగు స్టిక్కుల్లో రెండు తీసెయ్యమని నేను పోరగా పోరగా మావాడు చివరికి తీశాడు, ఆ రెండూ ఇప్పుడు అక్కయ్య బీరువాలో ఉన్నాయట. పట్టుచీర మడతలో, గాజుల పక్కన.

“ఏమోయ్, ఇప్పుడవి ముప్పై వేలు పలుకుతున్నాయటగా,” అన్నారు. “మావాడికి ముందుచూపుంది. నువ్వు కొనొద్దన్నావట? కంప్యూటర్లలోనే పనిచేస్తావు కదా నువ్వు?”

నేనేం మాట్లాడను? కాసేపాగి, “వాడి ల్యాగ్ ఎలా ఉంది బావగారూ?” అన్నాను.

“అదలాగే ఉందోయ్. ఇంకో రెండు వేయిస్తే పోతుందంటున్నాడు.”