అత్తారింటి బ్యాటరీ

సిలికాన్ పేరెత్తితే బ్యాటరీ శాస్త్రజ్ఞులకు పూనకం వస్తుంది. రాదా మరి! ఆనోడ్‌లో మామూలుగా వాడే గ్రాఫైట్‌లో గ్రాముకు పట్టే ఛార్జి 372 మిల్లీ ఆంపియర్ అవర్లు; గ్రాము సిలికాన్‌లో దాదాపు 3,600. ఇంకేం, "పదింతలు నడిచే ఫోన్" అని శీర్షిక పడిపోతుంది. ఎదురుగా ఉన్న కేథోడ్ పాత బరువుతో, పాత శక్తితోనే కూర్చుందన్న సంగతి ఆ శీర్షికలో ఇమడదు.

సిలికాన్‌కు ఒక జబ్బుంది. లిథియాన్ని కడుపునిండా మింగితే దాదాపు నాలుగింతలు ఉబ్బుతుంది, కక్కితే ముడుచుకుంటుంది. అలా ఉబ్బి ఉబ్బి పగులుతుంది. పగిలిన చోటల్లా ఎలక్ట్రోలైట్ తగిలి కొత్త పొర కడుతుంది. ఆ పొర కట్టినందుకు కూలి లిథియమే. ఒకసారి ఇచ్చిన కూలి మళ్లీ చేతికి రాదు.

మందులు లేకపోలేదు. 2008లో స్టాన్‌ఫోర్డ్‌లో యి కుయ్ బృందం సన్నని సిలికాన్ తీగలు పెంచి, పక్కన ఉబ్బడానికి చోటు వదిలింది. 2014లో సిలికాన్ రేణువులను గింజల్లా పొదిగిన దానిమ్మకాయ నమూనా తెచ్చింది. అసలైన పనే అది, నవ్వడానికేం లేదు.

నవ్వొచ్చేది ఆ బాటలో వచ్చిన "మాది వెయ్యి ఛార్జింగ్ సైకిళ్లు నిలిచింది" పరిశోధన పత్రాలను చూసి. వాటిలో చాలావాటి పరీక్ష బిళ్ల బ్యాటరీలో జరుగుతుంది. అందులో కేథోడ్ ఉండదు, లిథియం రేకు ఉంటుంది. అంటే సిలికాన్ కొత్తల్లుడన్నమాట. ఎంత పారబోసినా అత్తగారు మళ్లీ వడ్డిస్తూనే ఉంటుంది. పైగా పూత చూస్తే దోశ పెనానికి నూనె రాసినంత పల్చన. వేరు కాపురం పెట్టించి, కేథోడ్ తెచ్చే కొలిచిన జీతంలో బతకమంటే తెలుస్తుంది అల్లుడి ఖర్చు.

లెక్క చూడండి. సైకిల్‌కు 99.9 శాతం లిథియం తిరిగొస్తోందంటారు. మన కార్పొరేట్ కాలేజీలైతే ఆ మార్కుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టేవి. కానీ వేరు కాపురంలో 1,000 సైకిళ్లు తిరిగేసరికి మిగిలేది 37 శాతమే. 90 శాతం మిగలాలంటే సైకిల్‌కు 99.99 కావాలి. ఆ చివరి తొమ్మిది కోసమే ఇన్నేళ్ల యాతన. వాడకుండా అలమరాలో పెట్టినా ఆ పొర పెరుగుతూనే ఉంటుంది, అది వేరే ఏడుపు.

అందుకే తెలివైన తయారీదారులు గ్రాఫైట్‌లో చిటికెడు సిలికాన్ కలిపి, పెట్టె మీద మాత్రం బారెడు అక్షరాలతో "సిలికాన్" అని అచ్చేస్తారు. నేతిబీరకాయే నయం, అది తనంతట తాను బోర్డు పెట్టుకోదు. మొన్న ఒక దుకాణంలో అడిగాను, ఇందులో సిలికాన్ ఎంత శాతం బాబూ అని.

"కెమెరా చూశారా సార్?" అన్నాడు కుర్రాడు.