చెన్నపట్నం ట్రాముబండిని

నన్ను చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారు. దేశంలో కరెంటుతో నడిచిన మొదటి ట్రాములు మా మద్రాసువే. 1895 మే 7న మావాళ్ళు రోడ్డెక్కేనాటికి కలకత్తా ట్రాములను గుర్రాలే లాగుతున్నాయి. మొదట్లో నేలలో కాలువ తవ్వి అందులోంచి కరెంటిచ్చారు. వానలకు అది పనికిరాక తీగలు పైకెక్కాయి. నేను ఆ తర్వాతి తరం బండిని.

నా కప్పు మీది పొడవాటి కడ్డీ తీగను పట్టుకుని ఉండాలి. మలుపులో అది జారిందా, దీపాలారి అక్కడే ఆగిపోయేదాన్ని. కండక్టరు దిగి, తాడు పట్టుకుని, తల పైకెత్తి కొనను మళ్ళీ తీగకు ఆనించేవాడు. చిటుక్కున మెరుపు, వెంటనే కదలిక. డ్రైవరు మడమతో గంట తొక్కితే ఎద్దుబళ్ళు తప్పుకునేవి.

గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్ళు, బుట్టలతో కూరగాయలమ్మలు, అందరూ నావాళ్ళే. తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక ఆఫీసుకు పోయే తెలుగువాళ్ళు ప్యారీస్ కార్నర్‌లో దిగేవారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు ఫుట్‌బోర్డు మీద కూడా కాలు పెట్టే చోటుండేది కాదు. అంత బరువూ మోశాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్తాను.

యుద్ధం ముగిశాక నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. కప్పు కారి బెంచీలు నానేవి. రంగు పెచ్చులూడినా మళ్ళీ వేయలేదు. పట్టాల పక్క రాళ్ళు లేచిపోయి, సైకిలు చక్రం ఆ సందులో ఇరుక్కుంటే పడ్డవాడు నన్నే తిట్టేవాడు. అరిగిన పట్టాల మీద కీచుమంటూ నడిస్తే ముసలిబండి అన్నారు. పట్టాలు మార్చాల్సినవాళ్ళను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే రోడ్డున బస్సులు దూసుకుపోతుంటే, నష్టం నావల్లేనని లెక్క రాశారు.

1953 ఏప్రిల్ 12తో మా నడక ఆగింది. ఆ అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, నేను మోసిన తెలుగు గుమాస్తాలెందరో ఫైళ్ళతో కర్నూలు వెళ్ళారు. నన్ను విప్పి తూకానికి అమ్మారు. ఇనుము ఒక కుప్ప, రాగి ఒక కుప్ప. గంటను కూడా ఇత్తడి ధరకే ఇచ్చేశారు.

కలకత్తాలో మావాళ్ళకూ ఆ రోజులే వచ్చాయి. ఒక్క దారి ఉంచి మిగతావన్నీ ఆపేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం చెప్పింది. ట్రాములు రోడ్డుకు అడ్డమట. పట్టాల మీద కార్లు నిలుపుకున్నవాళ్ళనూ ఆ మాట అడగాలి.