జునోనా చెరువు, దాని దారులు, వాటి హక్కుదారులు

మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లాలో, బల్లార్‌పూర్‌కు ఈశాన్యంగా ఆరు మైళ్ళ దూరాన, అడవి అంచున ఉన్న గోండు రాజుల కాలపు చెరువు జునోనా. తెలుగువారికి ఈ నేల పరాయిది కాదు. ఢిల్లీ రైలెక్కిన తెలుగువాడు బల్లార్‌పూర్‌లోని బల్లార్షా స్టేషన్‌లో ఏదో ఒక పొట్లం కొనుక్కోకుండా ముందుకు సాగడు. ఆదిలాబాద్ పల్లెల జనం చైత్రమాసంలో చాందా (నేటి చంద్రాపూర్) మహాకాళి జాతరకు తరతరాలుగా వస్తున్నారు. పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అయినా బల్లార్షాలో దిగి చెరువు దాకా వెళ్ళిన తెలుగు ప్రయాణికులు అరుదు. రైలు అక్కడ ఆగేది భోజనానికే గాని చరిత్రకు కాదని అందరికీ తెలుసు.

1870లో చార్లెస్ గ్రాంట్ సంపాదకత్వంలో వెలువడిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజిటీర్ జునోనాకు కొద్ది వాక్యాలు కేటాయించింది. చక్కని చెరువు, గట్టు మీద పాత రాజభవనపు శిథిలాలు, చెరువు వెనక నాలుగు మైళ్ళ పొడవున గోడ ఆనవాళ్ళు, నీటిని నడిపించే భూగర్భ కాలువల ఏర్పాటు. ఒకప్పుడు జునోనా ఊరు, బల్లార్‌పూర్ ఒకే పట్టణంగా కలిసి ఉండేవని కూడా అనుకునేవారట. తర్వాతి నూట యాభై ఏళ్ళలో ఈ వర్ణనను పెద్దగా సవరించవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ కలగలేదు. శిథిలాల సుగుణమే అది. ఎంత పట్టించుకోకపోయినా వాటి హోదా తగ్గదు, పైగా పెరుగుతుంది.

ఈ ప్రాంతపు తొలి నడకదారిని వేసినది ఒక కుందేలు. బల్లార్‌పూర్‌లో ఉండిన గోండు రాజు ఖాండక్యా బల్లాళ షా వేటకు వెళ్ళినప్పుడు, నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలొకటి రాజుగారి వేటకుక్కను తరుముతూ కనిపించిందని కథ. కుందేలు వలయాలుగా తిరిగింది, కుక్క చివరికి ఎదురు తిరిగి దాన్ని చంపింది. రాణి సలహా మీద ఆ పరుగు సాగిన జాడ వెంటే కోటగోడకు ముగ్గు పోశారు. కుక్క కుందేలును పట్టుకున్న చోట, చంపిన చోట ప్రత్యేకంగా బురుజులు లేచాయి. అదే చాందా పట్టణం, నేటి చంద్రాపూర్. తర్వాతి కాలంలో సర్వేయర్లు, మాస్టర్ ప్లానులు, సలహా సంస్థలు వచ్చాయి. వీటిలో ఏదీ కుందేలంత త్వరగా సరిహద్దు తేల్చలేదు.

గోడ పూర్తి కావడానికి మాత్రం ధుంధ్యా రామ్ షా కాలం దాకా, అంటే పదిహేడో శతాబ్దపు తొలి పాదం దాకా పట్టింది. దానికి నాలుగు దర్వాజాలు: జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా. ఐదు ఖిడ్కీలు, అంటే చిన్న ద్వారాలు: బగడ్, హనుమాన్, విఠోబా, మసాన్, చోర్. పేర్లను బట్టి చూస్తే శ్మశానానికి ఒక దారి, దొంగకు ఒక దారి ఏర్పాటు చేసిన పట్టణమిది. నడిచేవాడి హోదాను చూసి దారి కేటాయించే పద్ధతి ఈ జిల్లాకు కొత్త కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

చెరువుల విషయంలో గోండు రాజుల విధానం నేటి పాలకులకు మొరటుగా తోస్తుంది. చెరువు తవ్వించినవాడికి ఆ చెరువు నీరు ఎంత నేల తడిపితే అంత నేల ఇనాముగా ఇచ్చేవారు. ఆ ఇనామును తుకూం అనేవారు. హీర్ షా అనే రాజు ఈ పద్ధతిని చాటింపు వేయించాడని పాత సెటిల్‌మెంట్ రాతలు చెబుతాయి. టెండరు లేదు, అంచనా వ్యయం సవరణ లేదు, ప్రారంభోత్సవ శిలాఫలకం లేదు. నీరు పారితే భూమి, పారకపోతే లేదు. బిల్లు ముందు, నీరు తర్వాత అన్న సూత్రం అప్పటికి కనిపెట్టలేదు కాబట్టి చెరువులు నిలిచాయి. తుకూం ఇప్పుడు చంద్రాపూర్‌లో ఒక పేట పేరు. పాకాల, రామప్ప చెరువుల కట్టల మీద తిరిగిన తెలుగువారికి ఈ తరహా తూములూ అలుగులూ వివరించి చెప్పనక్కర్లేదు.

1751 నాటికి గోండు రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. 1818లో ఇంగ్లీషు ఫిరంగులు చాందా కోటగోడను కొట్టాయి. 1850ల నడుమ ఈస్టిండియా కంపెనీ మొత్తం భోంస్లేల రాజ్యాన్నే కలిపేసుకుంది. ఇక్కడి నుంచి కథ పురాతత్వ శాఖది.

కోటగోడ కేంద్ర పురాతత్వ శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అతిక్రమిస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గోడ పక్కన కాపురముండే మనిషి మరుగుదొడ్డికి కొత్త కప్పు వేసుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. గోడలో మొలిచే రావిచెట్టుకు మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. అది రాళ్ళను విడదీస్తూ నిరభ్యంతరంగా పైకి పోతుంది. చట్టం మనుషులకు వర్తిస్తుంది, చెట్టు చదువుకోలేదు.

ఈ పట్టణపు శిథిలాల్లో తెలుగు పాఠకుడు తప్పక ఆగవలసిన చోటు లాల్‌పేట. అక్కడ ఆరుబయట దేవతల మహాకాయ శిల్పాలు పడి ఉంటాయి. శివాలయం కట్టించాలని వాటిని చెక్కించినవాడు రాయప్ప అనే వైశ్యుడు, పాత రాతల్లో రాయప్ప కోమటి. గుడి లేవకముందే ఆయన పోయాడు, విగ్రహాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. జనం వాటిలో ఒకదానికి రావణుడని పేరు పెట్టుకున్నారు. సొంత డబ్బుతో మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన పనికి రక్షిత కట్టడంగా గుర్తింపు దక్కింది. ప్రజల డబ్బుతో మొదలై మధ్యలో ఆగిన వంతెనలకూ ఆసుపత్రులకూ ఈ గౌరవం ఎందుకు దక్కకూడదో ఆలోచించదగ్గ విషయమే.

ప్రభుత్వానికి బదులు కోటగోడను శుభ్రం చేయడానికి 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ కార్యకర్తలు పూనుకున్నారు. గడ్డి కోశారు, ముళ్ళపొదలు నరికారు, చెత్త మోశారు. వందల రోజుల పని అది. ఆ ఏడాది అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వారిని మెచ్చుకున్నారు. గోడ మీద హెరిటేజ్ వాక్ అలా సాధ్యమైంది. ఊరి నడుమనున్న రామాళా చెరువుది ఇంకో కథ. అందులోకి మురుగు వచ్చేది, గుర్రపుడెక్క పెరిగేది. దాని బాగుకోసం 2021లో అదే సంస్థ అధ్యక్షుడు బండూ ధోత్రే నిరాహార దీక్షకు దిగవలసి వచ్చింది. చెరువు దండిగా మేస్తుంటే మనిషి పస్తుండాలన్నది ఇక్కడి నీటి యాజమాన్య పద్ధతి.

కొత్త చెరువులు లేవనడం అన్యాయం. విద్యుత్ కేంద్రం కోసం ఇరయి నది మీద కట్టిన జలాశయం ఉంది. దాని నీటితో 2,920 మెగావాట్ల బొగ్గు కేంద్రం నడుస్తుంది. ఇరయికి పురాతన శిథిలాలు లేవు గాని, మూతపడ్డ రెండు పాత యూనిట్లు కాలక్రమంలో ఆ లోటు తీర్చవచ్చు. గడ్‌చాందూర్ వైపు కొండ మీది మాణిక్‌గఢ్ కోట పేరైతే ఒక సిమెంటు కర్మాగారానికే పెట్టారు. పిడికెడు సిమెంటు ఎరుగని గోడకు దక్కిన సన్మానమది.

ఇక జునోనా చుట్టుపక్కల దారులు. ఈ అడవి ఇప్పుడు తాడోబా-అంధారీ పులుల అభయారణ్యపు బఫర్ భాగం, జునోనా పేరున సఫారీ గేటు కూడా ఉంది. తాడోబా 1955లో జాతీయోద్యానం, 1995లో పులుల అభయారణ్యం అయింది. కోర్, బఫర్ కలిసి సుమారు 1,727 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ అడవి చూడడానికి వచ్చినవారు నడవకూడదు. జిప్సీలో ఆరుగురు కూర్చుంటారు, ముందు డ్రైవరు, పక్కన గైడు. దిగడం నిషిద్ధం. కోర్ అడవిలోకి సెల్‌ఫోన్‌కూ అనుమతి లేదు, కాబట్టి అక్కడ పర్యాటకుడు పులిని కళ్ళతోనే చూడవలసిన విపత్కర పరిస్థితి. మొహర్లీ నుంచి తాడోబాకు పోయే దారి పక్కన వరుసగా నిలిచిన రాతిస్తంభాలను గైడ్లు చూపిస్తారు. వాటి కంతల్లో తాడు దూర్చి, గంటలు కట్టి, గోండు రాజు రాకను దూరాలకు చాటేవారని చెబుతారు. వార్త పంపే సౌకర్యంలో ఆ దారి నాలుగు వందల ఏళ్ళలో కొంత వెనక్కే నడిచింది.

నడిచే హక్కు పూర్తిగా ఉన్నది పులికి. మట్టిరోడ్డు మీద, కాలువ గట్టు మీద, ఒక్కోసారి విద్యుత్ కేంద్రం ఆవరణలోనూ అది నడుస్తుంది. సఫారీకి ఉన్నట్టు దానికి ఆన్‌లైన్ బుకింగ్ లేదు, మంగళవారం సెలవు లేదు. పులి తర్వాత పశువులు. చెరువు గట్టుకు పోయే కాలిబాటల్లో చాలావాటిని తొక్కి తొక్కి వేసినవి అవే, కానీ పర్యాటక పటంలో వాటికి కృతజ్ఞతలు కనిపించవు. ఆఖరున మనుషులు. వీరిలో రెండు రకాలున్నారు, ఇద్దరూ అడవిలోకి వచ్చేది ఒకే కాలంలో.

ఏప్రిల్, మే నెలల్లో నీటిగుంటలు ఎండి పులులు చెరువుల దగ్గరికి చేరతాయి. అందుకే సఫారీకి అది మంచి గిరాకీ కాలం. చంద్రాపూర్‌లో అప్పుడు 46, 47 డిగ్రీలు మామూలు. తునికాకు కోతా ఆ నెలల్లోనే. అంతకుముందు విప్పపువ్వు ఏరడానికీ, తర్వాత తునికాకుకూ ఊళ్ళ ఆడవాళ్ళు తెల్లవారకముందే అడవిలోకి నడుస్తారు. మొదటి రకం మనుషులు పులి కనిపించకపోతే నిరాశపడతారు, రెండో రకం కనిపించకూడదని మొక్కుకుంటారు. ఒకే పులి ఇద్దరినీ సంతోషపెట్టలేదు. మొదటివారికి ఇనుప బండి, గైడు, వేళలు, రశీదు. రెండోవారికి తలగుడ్డ, కొడవలి, పక్కనున్న మనిషి. తాడోబా పేరు తారు అనే ఊరిపెద్ద నుంచి వచ్చిందంటారు. పులితో పోరాడి చనిపోయిన అతణ్ణి చెరువు గట్టున దేవుణ్ణి చేసుకుని ఆదివాసులు పుష్యమాసంలో జాతర చేసేవారు. పులి చేతిలో పోయి ఈ అడవిలో దేవుడైనవాడు తారు. తర్వాత పోయినవారు పంచనామాలయ్యారు.

2025 మే నెలలో సిందేవాహి తాలూకాలో తునికాకు కోయడానికి వెళ్ళిన ముగ్గురు మహిళలు ఒకే రోజు పులి దాడిలో చనిపోయారు. అదే నెలలో తాడోబా గేట్ల నుంచి జిప్సీలు యథావిధిగా బయలుదేరాయి. జునోనా చుట్టూ ట్రెకింగ్ దారి వేయాలనుకునేవారు ఆ దారికి గస్తీ ముందుగా ఎవరికోసం పెట్టాలో ఇక్కడ తేల్చుకోవాలి: సెలవుకు నడిచేవారికా, కూలికి నడిచేవారికా. ఇప్పటికి రెండోవారికి ఖాయంగా ఉన్నది పరిహారం. వన్యమృగం దాడిలో మనిషి చనిపోతే ఇచ్చే మొత్తాన్ని మహారాష్ట్ర ప్రభుత్వం 2022లో 15 లక్షల నుంచి 20 లక్షలకు, 2023లో 25 లక్షలకు పెంచింది. అందులో 10 లక్షలు వెంటనే ఇస్తారు, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తారు.