కప్పొచ్చిన రోజే కరెంటు

ఆడపిల్లను క్రికెటర్‌ని చేద్దామనుకునే తల్లిదండ్రులకు ఉచిత సలహా ఒకటి. ముందు పిల్లతో ప్రపంచకప్ గెలిపించండి. ఆ తర్వాత గ్రౌండు, కిట్టు, ఇంటిస్థలం, ఇంట్లో కరెంటు అన్నీ వాటంతటవే వస్తాయి. అంతేగానీ వరస తిరగేసి, "ముందు గ్రౌండివ్వండి, తర్వాత ఆడి చూపిస్తాం" అని గొంతెమ్మ కోరికలు కోరకండి. పంట ఇంటికొచ్చాక విత్తనాలిచ్చే దేశం మనది.

నమ్మకం లేకపోతే ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాకి వెళ్లి రండి. ఆఫ్ స్పిన్నర్ అర్చనా దేవిది అక్కడో పల్లె. తండ్రి క్యాన్సర్‌తో పోయాడు. అన్నదమ్ముల్లో ఒకణ్ని పాము కరిచింది. దాంతో ఊరు కూర్చుని తల్లికి 'మంత్రగత్తె' అని బిరుదిచ్చింది. కూతుర్ని ఆటకని బయటికి పంపితే, అమ్మేసుకుందని కూడా అంది. 2023 జనవరి 29న ఆ కూతురు దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో మొట్టమొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆడుతోంది. ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలీదు. సంగతి తెలిసి ఒక పోలీసు అధికారి ఆ ఇంటికి ఇన్వర్టర్ పంపించారు. పాపం, ఆయన చేసింది మంచి పనే. కానీ చూడండి, ఆ గడపలోకి వెలుగు రావడానికి కూతురు వరల్డ్ కప్ ఫైనల్‌దాకా వెళ్లాల్సి వచ్చింది! సెమీస్‌లో ఓడిపోయుంటే కిరసనాయిలు దీపమే గతి. అర్చన రెండు వికెట్లు తీసింది, ఇంగ్లండ్ 68కి ఆలౌటైంది, మన పిల్లలు ఏడు వికెట్ల తేడాతో గెలిచారు. మంత్రగత్తె రాత్రికి రాత్రి లక్ష్మీదేవి అయిపోయింది.

ఆ రోజు కప్పు అందుకున్న కెప్టెన్ షెఫాలీ వర్మది రోహ్‌తక్. అమ్మాయిలకు చోటు లేదని అకాడమీలు తలుపులేస్తే, తండ్రి పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించి అబ్బాయిల మధ్య ఆడించాడు. అంటే ఆడపిల్లల క్రికెట్‌కి మన దేశం సమకూర్చిన మొట్టమొదటి వసతి కత్తెర. ఎంత చవకో చూశారా?

అయినా తొందరేముంది? మగపిల్లలకు అండర్-19 ప్రపంచకప్ 1988లోనే పెట్టారు. ఆడపిల్లలకు 2023లో పెట్టారు. మధ్యలో 35 ఏళ్లు. ఈ 35 ఏళ్లలో ప్రపంచంలో ఆడపిల్లలెవరికీ పంతొమ్మిదేళ్ల లోపు వయసు లేదన్నమాట. పుట్టడమే పెళ్లీడుకి పుట్టారు కాబోలు.

పెళ్లంటే గుర్తొచ్చింది. ప్రతి క్రికెట్ పిల్లకీ ఒక మేనమామ ఉంటాడు. "ఎండలో అలా నల్లబడితే రేపు సంబంధాలెలా వస్తాయే అక్కా?" అని పదేళ్లపాటు వాపోతాడు. మోచేయి కొట్టుకుపోతే "మచ్చ పడుతుందేమో" అంటాడు గానీ "క్యాచ్ పట్టిందా" అనడు. కప్పొచ్చిన రాత్రి మాత్రం వాట్సాప్‌లో మొదటి ఫొటో ఆయనదే: "మా మేనకోడలు. చిన్నప్పుడు నా భుజాల మీదే ఆడుకుంది." భుజాల మీద ఆడితే బానే ఉండేది, గ్రౌండు వెతుక్కునే బాధ తప్పేది.

ఇక మన తెలుగు నేలకి వద్దాం. గొంగడి త్రిషది భద్రాచలం. కూతురి ఆట కోసం తండ్రి ఉద్యోగం వదులుకున్నారు, పొలం అమ్ముకున్నారు, కాపురం సికింద్రాబాద్‌కి మార్చారు. 2023 ఫైనల్లో ఆ పిల్ల 24 పరుగులు చేసింది. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో దక్షిణాఫ్రికాతో జరిగిన అదే కప్పు ఫైనల్లో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది, తర్వాత బ్యాటు పట్టి 44 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, ఏడు వికెట్లు. మధ్యలో స్కాట్లండ్ మీద 110 నాటౌట్, ఈ ప్రపంచకప్ చరిత్రలోనే తొలి సెంచరీ. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది. చాలా సంతోషం. అంకె మీద నాకు పేచీ లేదు, పేచీ అంతా తేదీ మీదే. పొలం అమ్మిన రిజిస్ట్రేషన్ కాగితం మీద తేదీ చూడండి, చెక్కు మీద తేదీ చూడండి. ఆ రెంటి మధ్య గడిచిన ఏళ్లలో మనమందరం ఎక్కడున్నాం? ఐపీఎల్ చూస్తున్నాం.

లెక్కల సంగతి ఎలాగూ వచ్చింది. పోచెఫ్‌స్ట్రూమ్ ఫైనల్‌కి నాలుగు రోజుల ముందు, జనవరి 25న, మహిళల ప్రీమియర్ లీగ్ జట్లను వేలం వేశారు. ఐదు జట్లు, 4,669.99 కోట్లు. అందులో తెలుగు జట్టు ఎన్నోది అని అడక్కండి, లేదు. త్రిష భద్రాచలం పిల్ల, పేసర్ షబ్నమ్ విశాఖ పిల్ల, ఇద్దరూ వరల్డ్ కప్ జట్టులో ఉన్నారు. ఆటగత్తెలను కనడం మన వంతు, జట్లను కొనడం వేరే రాష్ట్రాల వంతు. ఇక కప్పు తెచ్చిన పిల్లలకి క్రికెట్ బోర్డు 5 కోట్లు ప్రకటించింది, జట్టందరికీ, కోచ్‌లతో సహా కలిపి. రెండోసారి గెలిచినా అదే 5 కోట్లు. 2024-25లో ఏ ప్లస్ కాంట్రాక్టున్న ఒక్కో మగ ఆటగాడికి ఏడాదికి 7 కోట్లు. పెద్ద మహిళల జట్టులో పై గ్రేడుకి 50 లక్షలు. అన్నట్టు మర్చిపోయాను, మ్యాచ్ ఫీజు మాత్రం ఇద్దరికీ సమానమేనని 2022లోనే చెప్పేశారు. విస్తళ్లు సమానమే, వడ్డనలోనే కాస్త తేడా.

మీరెప్పుడైనా సన్మానం దగ్గర్నుంచి చూశారా? ఫంక్షన్ హాలు బయట ఫ్లెక్సీ. అందులో నాయకుల మొహాలు నిలువెత్తున, పిల్ల మొహం మూలన పోస్టల్ స్టాంపంత. లోపల స్టేజీ మీద పిల్ల. మే నెల. మొదటి శాలువాకి నవ్వింది, నాలుగోదానికి చెమట పట్టింది, పదకొండోదానికి కళ్లు మాత్రమే కనిపించాయి. పదకొండు శాలువాలు, టీమ్ పూర్తయింది. పన్నెండో పెద్దమనిషి, అంటే సబ్‌స్టిట్యూటు, మైకందుకుని "మన ఆడ కోహ్లీ!" అన్నాడు. పిల్ల ఆఫ్ స్పిన్ వేస్తుంది. ఇంకొకాయన ఆప్యాయంగా వంగి, "ఇంతకీ వంటొచ్చా తల్లీ?" అని అడిగాడు. 2017లో మిథాలీ రాజ్‌ని, మీకు ఇష్టమైన మగ క్రికెటర్ ఎవరని ఓ విలేకరి అడిగితే, ఇదే ప్రశ్న మగవాళ్లనూ అడుగుతారా అని ఆవిడ ఎదురడిగారు. ఈ పిల్లకి ఆ అవకాశం కూడా లేదు, నోటికి శాలువా అడ్డం. చివర్లో ముఖ్య అతిథి అమ్మాయిల కోసం ప్రత్యేక స్టేడియం హామీ ఇచ్చారు. స్థలం చూస్తున్నారట. నా చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నారు. స్థలం కూడా వాళ్లని చూసి చూసి అపార్ట్‌మెంటైపోయింది.

సన్మానం నుంచి తిరిగొస్తూ మా కాలనీ గ్రౌండు దగ్గర ఆగాను. సాయంత్రం ఐదున్నర. ఒకే గ్రౌండులో అబ్బాయిల మ్యాచులు నాలుగు, ఒకదాని మిడాన్ ఇంకొకదాని స్లిప్పు. అమ్మాయిలకి టైము పొద్దున్న ఐదింటికట, చీకట్లో. బాత్రూముకి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎక్కడో ఎవరికీ తెలీదు. గోడ పక్కన స్కూటర్ మీద ఒక నాన్న, ఆయన కాళ్ల దగ్గర తనకంటే పొడుగైన కిట్ బ్యాగు పట్టుకుని పదేళ్ల పిల్ల. ఎప్పుడైనా ఓ పిచ్ ఖాళీ అవుతుందేమోనని ఎదురుచూపు.

బంతి ఒకటి దొర్లుకుంటూ వాళ్ల దగ్గరకొచ్చింది. "ఏయ్ పాపా, బాల్!" అని అరిచారు అబ్బాయిలు. పిల్ల వంగి తీసి, ఒక్క విసురు విసిరింది. నేలకి తగలకుండా వెళ్లి నేరుగా స్టంపుల్ని లేపేసింది. వికెట్ కీపర్ విసుక్కుంటూ స్టంపులు మళ్లీ పాతుకున్నాడు. ఆట సాగిపోయింది.

పిల్ల పేరు నేనడగలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడెందుకు? 2016లో బ్యాడ్మింటన్‌లో పి.వి. సింధు ఒలింపిక్స్ పతకం గెలిచిన రోజున మనవాళ్లు గూగుల్‌లో ఏం వెతికారో దేశమంతా చూసింది కదా. ఈ పిల్ల కూడా కప్పు తేనీండి. పేరేంటో, ఊరేంటో, కులమేంటో అన్నీ మేమే కనుక్కుంటాం.