రెండు పద్దులు

కుజదోషానికి ఉంగరంలో పొదిగే ఎర్రపగడం వేరు, నేను వేరు. నాకు రంగు లేదు, నునుపు లేదు, ధర అసలే లేదు. పోరైటిస్ జాతి పగడపు బండ నడుమ నుంచి తొలిచి తీసిన తెల్లటి కడ్డీని నేను. పుట్టిల్లు ఆస్ట్రేలియా ఈశాన్య తీరం, గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఒడ్డుకు దగ్గరగా ఉన్న హవానా దీవి పక్కన.

మా బండను కట్టిన చిన్న ప్రాణులు పాలిప్‌లు. ఒక్కొక్కటి మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. సముద్రపు నీటిలోంచి కాల్షియం తీసుకుని, అరగొనైట్ అనే సున్నపు ఖనిజంగా పేర్చి, కట్టినదాన్ని కిందే వదిలి పైకి జరుగుతుంటాయి. ఏడాదికి పెరిగేది సెంటీమీటరు, సెంటీమీటరున్నర. ప్రాణం ఉండేది పైనున్న పలచటి పొరలోనే. కిందదంతా వట్టి ఎముక. దాన్ని నిలువుగా పలకలు కోసి ఎక్స్‌రే తీస్తే చిక్కటి పట్టీ ఒకటి, పలచటి పట్టీ ఒకటి వరుసగా కనిపిస్తాయి. రెండూ కలిస్తే ఒక సంవత్సరం. అలా 1998 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే నాలో 1750 దాకా దొరుకుతుంది.

కాల్షియం వెంట దాని పోలికే ఉన్న స్ట్రాన్షియం, బేరియం కూడా ఎముకలో చేరిపోతాయి. నీళ్లు చల్లబడితే స్ట్రాన్షియం పాలు పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. సముద్రంలో ఎవరూ థర్మామీటరు ముంచని కాలాల వేడిని శాస్త్రవేత్తలు మా జాతిని అడిగి తెలుసుకునేది ఇలాగే. బేరియం సంగతి మరొకటి. అది నది తెచ్చే బంకమట్టిని అంటిపెట్టుకుని వస్తుంది. ఉప్పునీరు తగలగానే మట్టిని వదిలి నీళ్లలో కలుస్తుంది. నాలో బేరియం పెరిగిందంటే ఆ ఏడు మా దగ్గరికి మట్టి బాగా వచ్చిందన్నమాట.

మట్టి తెచ్చే నది బర్డెకిన్. లక్షా ముప్పై వేల చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వాన దానిలోకే చేరుతుంది. వర్షాలు బాగా పడిన ఏడు దాని వరద సముద్రంలో కలిసి, తీరం వెంట ఉత్తరానికి మళ్లి మా దాకా వస్తుంది. ఆ మంచినీటి గుర్తు కూడా నాలో ఉంది. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి పట్టి చూడండి: వరద ఏళ్ల గీతలు వెలుగుతాయి. 1984లో శాస్త్రవేత్త పీటర్ ఇస్‌డేల్ లోకానికి చెప్పిన విషయం ఇది. అంటే నా దగ్గర రెండు పద్దులున్నాయి. వెలిగే గీత నీటి పద్దు, బేరియం మట్టి పద్దు.

శాస్త్రవేత్త మాల్కం మెకల్లక్ బృందం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టింది. లేజరు నా పలక మీద పైనుంచి కిందికి సన్నటి గాడి గీసుకుంటూ వెళ్లింది. లేచిన పొడిని మాస్ స్పెక్ట్రోమీటరు మూలకాల వారీగా లెక్కగట్టింది. 2003లో 'నేచర్' పత్రికలో ఫలితం వచ్చింది. 1870కి ముందు పెద్ద వరదలు వచ్చాయి, గీతలు వెలిగాయి, బేరియం మాత్రం ఎప్పుడో గాని కదల్లేదు. 1870 తర్వాత వరద వచ్చినప్పుడల్లా బేరియం ఎగబాకింది. రీఫ్‌కు చేరే మట్టి అయిదు నుంచి పది రెట్లయిందని తేల్చారు.

నడుమ జరిగిందల్లా ఒకటే. యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఆ పరీవాహకంలో స్థిరపడి గొర్రెలను, పశువులను దింపారు. గడ్డి మేతకు పోయింది, గట్లు గిట్టల కింద నలిగాయి. అన్నిటికంటే ఎక్కువ బేరియం కరువు తీర్చిన వరదల దగ్గర కనిపిస్తుంది. కరువులో పచ్చిక మాడిపోయి నేల బోసిగా ఉంటుంది. మందలు మిగిలిన మోళ్లు కూడా కొరికేస్తాయి. ఆ నేల మీద తొలి వాన పడితే మట్టికి అడ్డేముంది? అది మా మీదికి చేరితే నీళ్లు మసకబారి, మా ఒంట్లో ఉండి మాకు తిండిపెట్టే నాచుకు వెలుతురు అందదు. పేరుకున్న బురద మీద పిల్ల పగడాలు నిలదొక్కుకోలేవు.

ఒక్క నీటి పద్దే ఉంటే నేరం వరద మీద పడేది. వరద పాతదే. కొత్తగా వచ్చింది దాని వెంట కొట్టుకొచ్చే మట్టి. కాబట్టి మమ్మల్ని కాచే పనిలో కొంత సముద్రంలో దొరకదు. బర్డెకిన్ గట్లకు కంచె వెయ్యాలి, వాగులు కోసేసిన చోట పూడ్చాలి, కరువు ముదరకముందే మందను తగ్గించి నేల మీద గడ్డి మిగల్చాలి.