పట్టపగటి చీకటికి సాక్షి: ఒక మట్టిపలక ఆత్మకథ

ఈ పలక తన కథ తానే చెప్పుకుంటుంది గానీ ఎక్కడా ‘నేను’ అనదు. తడిమట్టి మీద రెల్లుపుల్ల మొన నొక్కి అక్షరాలు దిద్దిన బాబిలోను లేఖకుడు కూడా తన సంగతి చెప్పుకోలేదు, ఆకాశం సంగతే రాశాడు. ఆ అలవాటే దీనికీ అబ్బింది.

పుట్టిల్లు బాబిలోను. నేటి ఇరాక్‌లో, యూఫ్రటీసు నది ఒడ్డున ఉండేది. ఇప్పటి మకాం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, నంబరు 34034. ఒళ్లంతా దెబ్బలే, కొన్ని అక్షరాలు రాలిపోయాయి. అదృష్టం కొద్దీ అదే కబురు మోస్తున్న పలక మరొకటి అక్కడే ఉంది. దానికీ దెబ్బలు తగిలాయి. ఒకదాంట్లో పోయిన మాటను రెండోదాంట్లో వెతుక్కుంటూ పండితులు చదివారు.

ఆ కబురు క్రీ.పూ. 136 ఏప్రిల్ 15 నాటిది. పొద్దు పొడిచిన 24 ‘ఉష్’లకు సూర్యుడికి నైరుతి వైపు నుంచి గ్రహణం పట్టింది. ఉష్ అంటే ఆకాశం ఒక డిగ్రీ తిరిగే సేపు, మన లెక్కలో నాలుగు నిమిషాలు. మరో 18 ఉష్‌లకు బింబం పూర్తిగా మూసుకుపోయింది. శుక్రుడు, బుధుడు, చుక్కలు కనిపించాయి. మౌఢ్యంలో ఉన్న గురుడు, కుజుడు కూడా బయటపడ్డారు. స్పర్శ నుంచి మోక్షం దాకా 35 ఉష్‌లు, అంటే 140 నిమిషాలు.

భూమి తిరిగే వేగం కొలవాలన్న ఊసే ఆ లేఖకుడికి లేదు. 18 ఏళ్లు గడిచాక గ్రహణాల వరస మళ్లీ వస్తుందని బాబిలోనులో తెలుసు. రాబోయేవాటిని లెక్కగట్టడానికే పాతవాటిని ఎత్తిరాసి దాచుకున్నారు.

తర్వాత నగరం మట్టిదిబ్బయింది, పలక దాని కిందే పడి ఉంది. అది ఇంకా నిద్రలో ఉండగానే, 1695లో ఎడ్మండ్ హేలీ పాత గ్రహణాల లెక్కలు తిరగేసి, చంద్రుడి నడక జోరందుకుంటున్నట్టుందే అని అనుమానపడ్డాడు. భూమి తిరుగుడు మందగించినా మన కంటికి అలాగే అనిపిస్తుంది. 1754లో ఇమ్మాన్యుయేల్ కాంట్ సముద్రపు ఆటుపోట్లు భూమి తిరుగుడుకు అడ్డుపడుతున్నాయని వాదించాడు. 19వ శతాబ్దంలో తవ్వితీసి లండన్ చేర్చిన వేల పలకల్లో ఇదీ ఒకటి.

దీని విలువ తేల్చినవాడు డర్హమ్ విశ్వవిద్యాలయపు రిచర్డ్ స్టీఫెన్‌సన్. భూమి ఎప్పుడూ ఈనాటి వేగంతోనే తిరిగిందనుకుని వెనక్కి లెక్క కడితే, ఆ రోజు చంద్రుడి నీడ బాబిలోను మీద పడదు. అక్కడికి సుమారు 49 డిగ్రీలు పడమరన, స్పెయిన్ ఉన్న రేఖాంశాల మీద పడుతుంది. కానీ చీకటి కమ్మింది బాబిలోనులోనే. భూమి 49 డిగ్రీలు తిరగడానికి మూడుంపావు గంటలు పడుతుంది!

ఆ రోజు కాలం కొలవడంలో కొద్ది నిమిషాలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. సంపూర్ణ గ్రహణపు నీడ సన్నని పట్టీలా సాగుతుంది. ఊరు ఆ పట్టీలో పడిందన్న ఒక్క మాట చాలు, తేడా ఎంతో పావుగంట హద్దుల్లోకి వచ్చేస్తుంది.

అలాగని ఆనాటి రోజు నేటికంటే మరీ పొట్టిదేం కాదు. తేడా సెకనులో పాతికో వంతు కూడా ఉండదు. ఆ చిల్లర బాకీయే రోజురోజుకూ పేరుకుని, ఏడు లక్షలకు పైగా రోజుల్లో ఇంతయింది.

2016లో స్టీఫెన్‌సన్, లెస్లీ మారిసన్, కేథరిన్ హోహెన్‌కెర్క్ బాబిలోను, చైనా, గ్రీకు, అరబ్బు గ్రహణాలన్నీ కలిపి లెక్కగట్టారు. రోజు శతాబ్దానికి సుమారు 1.8 మిల్లీసెకన్లు పెరుగుతోందని తేలింది. మెలిక ఇక్కడే ఉంది. అపోలో యాత్రికులు చంద్రుడి మీద వదిలిన అద్దాలపైకి లేజరు కిరణాలు పంపి చూస్తే, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఆటుపోట్లు ఒక్కటే కారణమైతే, ఆ లెక్కన రోజు శతాబ్దానికి 2.3 మిల్లీసెకన్లు పెరగాలి. మిగతా అర మిల్లీసెకను ఏమైనట్టు? హిమయుగం ముగిశాక ధ్రువప్రాంతాల్లో మంచు బరువు దిగి, అక్కడి నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. భూమి పదార్థం అక్షానికి దగ్గరైన కొద్దీ తిరుగుడు జోరందుకుంటుంది. లోపలి ద్రవలోహపు కదలికలకూ ఇందులో వాటా ఉందంటారు.

ఇప్పుడు భూమి తిరుగుడును కొలిచే పని రేడియో టెలిస్కోపులది. ఖండాల అవతల ఉన్నవి జట్టుకట్టి, ఎక్కడో దూరాన ఉన్న క్వాసార్ల సంకేతాలు పట్టి, భూమి ఏ క్షణాన ఎటు తిరిగి ఉందో చెబుతాయి. గాలుల జోరు మారినా వాటికి తెలిసిపోతుంది. ఎల్‌నినో ముదిరిన నెలల్లో రోజు కాస్త సాగుతుంది. అణుగడియారాన్ని భూమితో సరిపెట్టడానికి 1972 నుంచి 27 లీపు సెకన్లు కలిపారు. చివరిది 2017 జనవరి 1న మన దగ్గర తెల్లవారుజామున పడింది. ఆ రోజు 5:29:59 తర్వాత 5:30 రాలేదు, 5:29:60 వచ్చింది. ఆ తర్వాత భూమి కాస్త వేగం పుంజుకోవడంతో మళ్లీ కలపాల్సిన అవసరం రాలేదు.

ఇలా సెకను కలిపినప్పుడల్లా కంప్యూటర్లు తికమకపడుతున్నాయని, 2035 లోగా గడియారానికీ భూమికీ మధ్య అనుమతించే ఎడం పెంచాలని 2022లో దేశాలు తీర్మానించాయి. ఒక్క సెకను దాటనివ్వాలా వద్దా అని ఇంత చర్చ జరుగుతుంటే, మూడుంపావు గంటల తేడాను ఒంటిమీద మోస్తున్న పలకకు నవ్వొస్తుంది.