సైలెన్సర్ పోయింది, సౌండ్ మిగిలింది!

మారుతి ఈకో యజమానులకు పొద్దున్నే ఓ అపశకునం ఉంది. తాళం తిప్పగానే బండి ట్రాక్టరులా గర్జించిందా, రాత్రి సైలెన్సర్ పోయినట్టే. గుజరాత్‌లో, మహారాష్ట్రలో ఇలా ఎన్ని పోయాయో! దొంగకు స్టీరియో వద్దు, టైర్లు వద్దు. కింద దూరి బోల్టులు విప్పుతాడు. అతగాడి గురి సైలెన్సర్‌తో పాటే ఉండే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లాడియం, రోడియం మీద. 2021లో రోడియం ధర బంగారానికి పది రెట్లు దాటిందని ఓనరుకు తెలీదు. పాపం, దొంగ మాత్రం చదువుకున్నవాడు.

గాలి బాగుపడాలని 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఈ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. ఇప్పుడు పొగ కన్నా ముందు అదే మాయమవుతోంది.

ఈ బెడద వద్దనుకుంటే పాతకాలం అంబాసిడర్ కొనుక్కోండి. అందులో కన్వర్టరే ఉండదు. పైగా 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారు ‘వింటేజ్’. నంబరులో ‘వీఏ’ అక్షరాల హోదా, రోజూ తిప్పకూడదన్న ఆంక్ష! అదే అప్పట్లో ఢిల్లీలో పెట్రోలు కారుకు పదిహేనేళ్లు నిండితే ముద్దాయే. మధ్యలో ముప్పై అయిదేళ్లు ఎక్కడైనా దాచగలిగితే వారసత్వ సంపద అన్నమాట.

కొనేముందు బానెట్ ఎత్తి చూడండి. ‘అంతా ఒరిజినల్ సార్, 1965 మోడల్’ అంటాడు అమ్మేవాడు. లోపల మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ నవ్వుతూ ఉంటుంది. అది ఏ బండి కింద నుంచి వచ్చిందని మాత్రం అడక్కండి, బేరం చెడుతుంది.